కేంపర్ వ్యాన్ పాత మోడల్ కొనాలా, కొత్తదా? ఈసారి ఉత్తరాలన్నీ ఇవే

పోయిన సంచికలో వ్యాన్ వెనకాల మంచం, పొయ్యి బిగించుకుని ఊళ్లు తిరిగేవాళ్ల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ట్రాక్టర్ల గురించి అడిగేవాళ్లు కూడా ఈ నెల కేంపర్లు అంటూ మొదలెట్టారు. అన్నిటికీ కుదరదు గానీ పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా ఆవిడని పూరీ మీదుగా కాశీ దాకా సొంత బండిలో నెమ్మదిగా తీసుకెళ్లాలని కోరిక. సెకండ్స్‌లో మూడు టెంపో ట్రావెలర్లు చూశాను. ఒకటి 2008ది, స్కూలు పిల్లల్ని తిప్పిన బండి. రెండోది 2016 టూరిస్ట్ బండి. మూడోది 2021 బీఎస్-6, అంటే పొగ తగ్గించే కొత్త ప్రమాణం బండి, ధర బాగా ఎక్కువ. పాతవే గట్టివి అని మెకానిక్ అంటున్నాడు, కొత్తది కొను నాన్నా అని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: మాస్టారూ, ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే సగం సగం చెప్తున్నారు. ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుద్ది, అది ఎక్కడ ఆగుద్ది, ఆగాక అక్కడికి ఎవడు వచ్చి లేపగలడు అన్నది చూడాలి, కాశీ దాకా వెళ్లేవాడికి మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు ఈ బండి కథ కొంచెం చెప్పాలి. ఇప్పుడు ఫోర్స్ అంటున్న కంపెనీ అప్పట్లో బజాజ్ టెంపో, మన పెళ్లిళ్లకి తిరిగిన మెటాడోర్ వాళ్లదే. ఆ తర్వాత 1987లో టెంపో ట్రావెలర్ తెచ్చారు, అది జర్మనీలో మెర్సిడెస్ వాళ్లు 1977 నుంచి చేసిన వ్యాన్ డిజైను. ఇంజను కూడా మెర్సిడెస్ లైసెన్సుదే, ఓఎం616, 2.4 లీటర్ల డీజిల్. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు, పంపు తిరిగితే నాజిళ్లకి డీజిల్ వెళ్తుంది, అంతే సంగతి. తర్వాత్తర్వాత 2.6 లీటర్ల టర్బో ఇంజన్లు వచ్చాయి, ఆ తర్వాత కామన్ రైల్ వచ్చింది, అంటే నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి కంప్యూటర్ డీజిల్ పంచే పద్ధతి, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 అన్నాక సైలెన్సర్ లైన్లో ఫిల్టర్లూ సెన్సార్లూ చేరాయి. ఇప్పుడు అర్బేనియా అని పూర్తిగా కొత్త బాడీ బండి కూడా అమ్ముతున్నారు. పైకి ట్రావెలర్ మొహం పెద్దగా మారలేదు కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటాం గానీ లోపల మూడు తరాల బళ్లు అవి.

మీరు చూసేది ఏ తరమో ఆర్సీలో సంవత్సరం చూసి తేల్చకండి, బానెట్ ఎత్తండి. ఇంజెక్షన్ పంపు తల దగ్గర నుంచి నాలుగు సన్న ఇనప గొట్టాలు బయల్దేరి ఒక్కోటి ఒక్కో నాజిల్‌కి నేరుగా వెళ్తుంటే అది పాత మెకానికల్ పద్ధతి. అలా కాకుండా పంపు నుంచి ఒక్క గొట్టం వచ్చి ఇంజను పక్కన అడ్డంగా ఉన్న లావు కడ్డీలాంటి దాంట్లో చేరి, అక్కడ్నుంచి నాలుగు పాయలై, నాజిళ్ల నెత్తిన కరెంటు వైర్ల ప్లగ్గులు ఉంటే అది కామన్ రైల్. ఈ ఒక్కటి తెలిస్తే అమ్మేవాడు చెప్పే కథలు సగం తగ్గిపోతాయి.

మెకానికల్ బండి ఎలా చెడుతుందో చెప్తాను. చాలా ఏళ్ల క్రితం మేం కోరాపుట్ వెళ్తూ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే బండి దగ్గి దగ్గి ఆగిపోయింది, వాన, చీకటి, పిల్లలు ఏడుపు. కిందనుంచి వస్తున్న లారీ ఆపితే అందులో క్లీనర్ కుర్రాడు దిగాడు, వాడి వయసు పదహారు ఉంటుందేమో, ఫిల్టర్ దగ్గర బోల్టు కాస్త లూజు చేసి హ్యాండ్ పంపు టకటకా నొక్కాడు, బుడగలు బుడగలుగా డీజిల్ వచ్చింది, బుడగలు ఆగాక బోల్టు బిగించి సెల్ఫ్ కొట్టండి అన్నాడు. ఎయిర్ లాక్, అంటే డీజిల్ గొట్టంలో గాలి చేరిపోవడం. పది నిమిషాల పని, టీ డబ్బులు కూడా తీసుకోలేదు. అదే కామన్ రైల్ అయితే లోపల ప్రెషర్ వెయ్యి బార్ దాటి ఉంటుంది, ఇంజను నడుస్తుండగా ఆ గొట్టాల మీద స్పానర్ వేస్తే చెయ్యి తెగుద్ది, దాన్ని ముట్టుకోనివ్వకండి ఎవర్నీ.

ఇప్పుడు రెండోవైపు. మా స్నేహితుడిది బీఎస్-6 బండి, కొత్తదే, లోపల కేంపర్‌లా చేయించుకున్నాడు. బారువ బీచ్‌లో రెండు రాత్రులు పడుకున్నారు, ఏసీ కోసం రాత్రంతా ఇంజను ఐడిల్‌లో పెట్టి ఉంచాడు. మూడోరోజు ఇచ్ఛాపురం చేరేలోపు మీటరులో ఆరంజ్ లైటు, ఇంకో పది కిలోమీటర్లకి బండి ఎంత తొక్కినా ఎద్దుబండిలా నడవడం. మసి పట్టే ఫిల్టర్ నిండిపోయింది, డీపీఎఫ్ అంటారు దాన్ని. ఆ మసి కాలి బూడిదవ్వాలంటే సైలెన్సర్లో దగ్గర దగ్గర 600 డిగ్రీల వేడి రావాలి, అది హైవే మీద కాసేపు బిగువుగా పోతే వస్తుంది గానీ చెట్టు కింద ఐడిల్‌లో ఎక్కడొస్తుంది. చివరికి లారీ మీద ఎక్కించి పెద్ద ఊరు తీసుకెళ్లి లేప్‌టాప్ పెట్టి మసి కాల్పించి, పనిలో పని అక్కడ చెడిన సెన్సార్ ఒకటి తెప్పించి వేయించేసరికి నాలుగు రోజులు. బండి తప్పు కాదండి అది, కేంపర్ వాడకం వేరు, ఆ ఇంజను అడిగే వాడకం వేరు.

అంచేత లెక్క ఇదీ. పాతది తరచూ విసిగిస్తుంది గానీ బాగుచేసేవాడు ఏ ఢాబా పక్కనైనా దొరుకుతాడు, కొత్తది ఏళ్ల తరబడి ఏమీ అనదు గానీ అన్నప్పుడు మొత్తం పడుకుంటుంది. మీరు వెళ్లే రూట్‌ ఎక్కువ భాగం పెద్ద హైవేలే కాబట్టి, కటక్, రాంచీ, కాశీ అన్నీ సర్వీసు దొరికే ఊళ్లే కాబట్టి, ఏసీ కోసం ఇంజను ఐడిల్‌లో ఉంచం అని ఒట్టు పెట్టుకుంటే బీఎస్-6కి నా అభ్యంతరం లేదు. డబ్బే అడ్డం అయితే 2016 బండి చూడండి.

2008 మాత్రం వద్దంటాను, ఇంజను వల్ల కాదు. 15 ఏళ్లు దాటింది, ఆర్సీ మళ్లీ రెన్యువల్, గ్రీన్ ట్యాక్సు, అదో తిరుగుడు. పైగా స్కూలు బండి అంటే మెల్లగా నడిపి ఉంటారు అని సంతోషిస్తాం గానీ రోజుకి వంద చోట్ల ఆగి వంద చోట్ల కదిలిన బండి అది, క్లచ్చు, సెల్ఫు, బ్రేకులు, తలుపు రోలర్లు అన్నీ అరిగిపోయి ఉంటాయి. దాని మీద మీరు ప్లైవుడ్డూ మంచాలూ బేటరీలూ వంద లీటర్ల నీళ్ల ట్యాంకూ పెడతారు, నీళ్లొక్కటే వంద కేజీలు కదండీ లెక్కల మాస్టారూ, ఆ కమాన్లు ఎక్కడ ఆగుతాయి.

2016 బండికి నాలుగు పరీక్షలు చెప్తాను, మీరే చేయొచ్చు. చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి, స్టార్ట్ చెయ్యకముందే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉందంటే మీరు వస్తారని తెలిసి వేడిచేసి ఉంచారు, చల్లటి ఇంజను స్టార్టింగ్ మీకు చూపించకూడదని. స్టార్టయ్యాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత విప్పి ఆ రంధ్రం మీదే బోర్లా ఉంచండి, కాస్త వణికితే పర్లేదు, గెంతి కింద పడిందంటే పిస్టన్ రింగులు పోయాయి, బోరు పని ఉంది. మీటరులో కిలోమీటర్లు నమ్మకండి, క్లచ్ పెడల్ రబ్బరు చూడండి, మీటరు 80 వేలు అంటుంటే రబ్బరు అరిగి ఇనుము కనపడుతోందంటే ఎవరు అబద్ధం ఆడుతున్నారో మీకే తెలుస్తుంది. ఇంకోటి, సీటు పట్టాల కిందా స్టెప్నీ గూట్లోనూ వేలు పెట్టి గీకండి. సన్నటి ఒండ్రు మట్టి ఎండి అతుక్కుని ఉంటే ఆ బండి ఏదో వరదలో మునిగింది. మన జిల్లాల్లో 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి మునిగినవి ఎన్నో, శుభ్రంగా కడిగి పక్క జిల్లాలో అమ్ముతారు. మునిగిన బండి వైరింగు రెండేళ్లకో మూడేళ్లకో చచ్చిపోతుంది, అదీ ఒకేసారి చావదు, ఒక్కోరోజు ఒక్కో లైటు.

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. మా గుంటడు స్టట్‌గార్ట్‌లో ఉద్యోగం. అక్కడ ఫోక్స్‌వేగన్ కేంపర్ కొంటానని ఒకటే గొడవ. మూడు ఫోటోలు పంపాడు, టీ3 అట 1987ది పెట్రోలు, టీ4 అట 1998ది డీజిల్, టీ5 అట 2007ది డీజిల్. నాకేటి తెలుసు, మీరు రాస్తే వింటాడు. ఏది నమ్మొచ్చు?
పాఠకుడు, పలాస

జవాబు: మీ అబ్బాయి ఎంపిక బాగుంది బాబూ, ఏ తరానికి ఏ రోగమో చెప్పడానికి ఈ మూడూ సరిగ్గా సరిపోతాయి. ఈ వ్యాన్ కుటుంబం 1950లో మొదలైంది, రెండోతరం 1967, మూడోతరం అంటే టీ3 1979, టీ4 1990, టీ5 2003. మొదటి మూడింటికీ ఇంజను వెనకాల, టీ4 నుంచి ముందుకి వచ్చింది.

టీ3 చూడ్డానికి ముద్దొస్తుంది, అదే దాని ప్రమాదం. మొదట గాలితో చల్లబడే ఇంజను ఉండేది, ఎనభైల మొదట్లో అదే డిజైనుకి నీళ్ల జాకెట్ తొడిగారు. ఇంజనేమో వెనకాల, రేడియేటరేమో ముందు, మధ్యలో బండి పొడవునా నీళ్ల గొట్టాలు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య నీటిని ఆపేది రబ్బరు గాస్కెట్, కూలెంట్ సరైంది పొయ్యకుండా ఉత్త నీళ్లతో తిప్పారంటే ఆ గాస్కెట్ దగ్గర అల్యూమినియం తినేసి కారడం మొదలౌతుంది. కాబట్టి వాడు చూడాల్సింది హెడ్డుల కింద అంచున తెల్లటి ఉప్పుపొరలాంటి మరక, అది ఉంటే ఇంజను పని ఉన్నట్టే. గొట్టాలు మార్చాక గాలి తియ్యడం కూడా ఓ పెద్ద పూజ, ముందు భాగం పైకెత్తి తీస్తారు. ఇదంతా ఉన్నా టీ3లో అర్థంకాని జబ్బు ఏదీ లేదు, ముప్పై నలభై ఏళ్లుగా అందరూ అవే రిపేర్లు చేస్తున్నారు.

నడవడం వరకే అయితే టీ4 డీజిల్‌కే నా ఓటు, ముఖ్యంగా 2.5 టీడీఐ (ఫోక్స్‌వేగన్ టర్బో డీజిల్) అయిదు సిలిండర్లది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగమనండి, నోటిమాట కాదు, బిల్లు. అది తెగితే వాల్వులు వంగిపోతాయి. ఆటోమేటిక్ గేరు బండి అయితే వదిలేయమనండి, మాన్యువల్ చూడమనండి.

మూడింట్లో కొత్తదైన టీ5 మీదే నాకు ఎక్కువ అనుమానం, ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. 2003 నుంచి 2009 దాకా వచ్చిన 2.5 టీడీఐలో టైమింగ్ బెల్ట్ లేదు, పళ్ల చక్రాలే తిప్పుతాయి, వినడానికి అద్భుతం. కానీ వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ అరిగిపోవడం ఈ ఇంజనుకి పేరుమోసిన జబ్బు, పైగా వాటర్ పంపుని కూడా ఆ చక్రాలే తిప్పుతాయి కాబట్టి దాని సీలు పోతే కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. ఆ తర్వాత 2.0 లీటర్లకి మారారు, అందులో 180 హార్స్‌పవర్ రెండు టర్బోల బండి ఆయిల్ తాగేస్తుందని ఎంత చెడ్డపేరు వచ్చిందో, అక్కడి సెకండ్స్ మార్కెట్లో ఆ ఇంజను అంటే ముందు ఆయిల్ సంగతే అడుగుతారు. ఒకే టీ5 పేరు మీద ఒకటి బంగారం, ఒకటి గుదిబండ. తరం చూస్తే చాలదు, ఇంజను కోడ్ చూడాలి.

అసలు సంగతి ఇంకా ఉంది. వాడుండేది స్టట్‌గార్ట్. అక్కడ పర్యావరణ జోన్ ఉంది, తక్కువ పొగ బండి అని చెప్పే గ్రీన్ స్టిక్కర్ కావాలి, అది చాలదన్నట్టు 2019లో యూరో-4 (మన బీఎస్ లాంటి అక్కడి పొగ ప్రమాణం) దాకా ఉన్న డీజిల్ బళ్లని ఊళ్లోకి రాకుండా ఆపేశారు. 2007 టీ5 డీజిల్ మామూలుగా యూరో-4, టీ4 ఇంకా వెనక. ఇంజను ఎంత మంచిదైతే ఏం లాభం, ఇంటిముందుకి తెచ్చుకోలేకపోతే? 1987 టీ3కి ఆ బాధ లేదు, పెట్రోలు బండి, పైగా 30 ఏళ్లు దాటి ఒరిజినల్‌గా ఉన్న బళ్లకి జర్మనీలో హెచ్ అక్షరం ఉన్న నంబర్ ప్లేటు ఇస్తారు, దానికి స్టిక్కర్ అక్కర్లేదు, ట్యాక్స్ కూడా ఇంజను సైజుతో పని లేకుండా ఏడాదికి 191 యూరోల చిల్లర. ఈ రూల్స్ ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి కొనేముందు వాళ్ల మునిసిపాలిటీలో ఓసారి అడగమనండి. ఊరి బయట ఎక్కడైనా పార్కింగ్ ఉంటే టీ4, లేదూ ఇంటిముందే ఉండాలి అంటే టీ3, అదీ హెడ్డుల పని అయిపోయి బిల్లులు ఉన్నది. నేనైతే అలా కొంటాను. తండ్రిగా మీరు ఇంకోటి అడగండి, ఇంట్లో పానాలు పట్టుకునే అలవాటు ఉందా వాడికి? లేకపోతే టీ3 వాడి జీతం మొత్తం తినేస్తుంది.

ప్రశ్న: మేం కళింగపట్నం బీచ్ దగ్గరే నెలలో రెండు వారాలు వ్యాన్ పెట్టి పర్యాటకులకి అద్దెకిద్దాం అనుకుంటున్నాం. పాత బాడీ రేకు మందం, కొత్తవి పల్చన, తుప్పు తొందరగా వస్తాది అంటున్నారు నిజమేనా?
పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ఉప్పుగాలికి మందం పల్చన తేడా లేదు, రేకు మీద పూత ఎంత ఉందో, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో దానిబట్టే తుప్పు. పాత బళ్లు గట్టివి అనిపించేది ఎందుకంటే తుప్పు పట్టి పోయినవి మనకి కనపడవు కదా, స్క్రాపుకి పోయాయి, మిగిలినవి చూసి మనం మెచ్చుకుంటున్నాం.

చక్రాల పైన వంపు లోపలి అంచు, తలుపుల కింద పట్టీ, ముందు అద్దం రబ్బరు కింద, పైకప్పు నీటి గాడి, ఈ నాలుగు చోట్లే మొదలౌతుంది. కొనేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లి చిన్న గుడ్డలో చుట్టి ఆ చోట్ల అంటించండి, రేకుకి అంటుకుంటుంది, పుట్టీ పెట్టి టింకరింగ్ చేసినచోట జారిపోతుంది. మా పక్కింటాయన అలా ఓ వ్యాన్‌కి అంటిస్తే ఎడమవైపు తలుపు కింద మొత్తం జారుకుంటూ వచ్చేసింది, రంగు మాత్రం పెళ్లికూతురులా మెరుస్తోంది.

ఇంకా కేంపర్లకి ప్రత్యేకంగా ఓ తుప్పు ఉంది. పైకప్పుకి రంధ్రం కొట్టి ఫేనో, ఏసీయో, సోలార్ ప్లేట్లో బిగిస్తారు, ఆ కోసిన అంచుకి రంగు వెయ్యకుండా సిలికాన్ పూసేసి వదిలేస్తారు. ఒక్క వానాకాలంలో అక్కడ మొదలై లోపల ప్లైవుడ్ ఉబ్బేదాకా మీకు తెలియదు. కోసిన ప్రతి అంచుకీ ప్రైమర్ పడిందా లేదా దగ్గరుండి చూసుకోండి. బీచ్ నుంచి వచ్చిన రోజే మంచినీళ్లతో కింద భాగం కడగాలి, పైన కాదు, కింద. రెండు వారాలు పెడతాం అంటున్నారు గాబట్టి వారం మధ్యలో కూడా ఒకసారి. ఇది చేస్తే ఏ మోడలైనా బతుకుద్ది.

ప్రశ్న: టూరిస్ట్ ట్రావెలర్ పసుపు ప్లేటు బండి కొని లోపల అంతా మార్చి సొంతానికి కేంపర్‌గా వాడితే పోలీసులు పట్టుకుంటారా?
పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: పోలీసుల కంటే ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి సంగతి చూసుకోండి. సొంత వాడకం కేంపర్ వ్యాన్‌ని చట్టంలో నాన్ ట్రాన్స్‌పోర్ట్, అంటే సొంత బళ్ల లెక్కలోనే పెట్టారు, కాబట్టి దారి ఉంది. అయితే పర్మిట్ సరెండర్ చెయ్యాలి, లోను ఉంటే ఎన్‌ఓసీ, ట్యాక్స్ తేడా కట్టాలి, ఆ తర్వాత మార్పుకి ముందే అనుమతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దానిమీద 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన డిజైనుని మార్చకూడదని గట్టిగా చెప్పింది. వెల్డింగ్ చేయించేసి తర్వాత కాగితం అడిగితే ఎవరూ సంతకం పెట్టరు, ఇన్సూరెన్స్ వాళ్లయితే ఏక్సిడెంట్ రోజున గుర్తుచేస్తారు.

ప్రశ్న: వ్యాన్‌లో ఏసీ ఇంజను ఆపి రాత్రంతా నడవాలంటే ఎన్ని బేటరీలు పెట్టించాలి? పాత లెడ్ బేటరీ మంచిదా, కొత్త లిథియం మంచిదా?
పాఠకుడు, బొబ్బిలి

జవాబు: 12 ఓల్టుల 100 ఆంపియర్ అవర్ బేటరీ అంటే 1,200 వాట్ అవర్లు. చిన్న ఏసీ గంటకి వెయ్యి వాట్ అవర్లు తింటుంది అనుకోండి, లిథియం అయితే గంటా పావు కూడా రాదు, లెడ్‌ది సగం కంటే ఎక్కువ దించితే తొందరగా చస్తుంది గాబట్టి అరగంట. రాత్రి ఎనిమిది గంటలకి లెక్క మీరే వేసుకోండి, మంచం ఉండాల్సిన చోట బేటరీలే ఉంటాయి. లిథియంలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం నమ్మకమైనదే, లెడ్ కంటే చాలా ఏళ్లు వస్తుంది, బరువు కూడా తక్కువ. కానీ ఏసీకి కాదు, ఫ్రిజ్జుకీ లైట్లకీ రెండు 12 ఓల్టుల ఫేన్లకీ పెట్టించుకోండి, నిక్షేపంగా పనికొస్తుంది. మే నెలలో తిరగాల్సి వస్తే పగలు తాటిపూడి డ్యామ్ దగ్గరో ఏదైనా మామిడితోటలోనో నీడన ఆపుకోండి, రాత్రికి కిటికీలకి దోమతెర కుట్టించండి. మా ఇంట్లో కుట్టిన తెర ఇంకా చిరగలేదు, ఏసీ రెండుసార్లు బాగుచేయించాం.